ఎదురింటికి లాగిన కేబుల్

కరోనా మొదటి ఏడాది వానాకాలంలో మేము ఆ ఇంట్లోకి మారాం. బర్మాలో, మన పెద్దలు రంగూన్ అనే యాంగోన్ నగరంలో, మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైలు స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఆరంతస్తుల పాత మేడ అది. లిఫ్టు లేదు. మాది మూడో అంతస్తు. యాంగోన్‌లో చాలా ఇళ్లలాగే వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వీధివైపు బాల్కనీ, దాని వెనక ముందు గది, మధ్యలో వెలుతురు రాని రెండు గదులు, చివర వంటిల్లు. ఉండేది ముగ్గురం: నేను, నా భార్య, మా అమ్మ.

ఇంటి యజమానురాలు మా కింద రెండో అంతస్తులో ఉండేది. అరవై దాటిన బర్మా ఆవిడ. భర్త పోయాడు, ఒక్కతే కూతురు సింగపూర్‌లో ఉద్యోగం. మేడలో అందరూ ఆవిణ్ణి ‘అడో’ అనేవాళ్లు, మనం పిన్నిగారూ అన్నట్టు. మేమూ అలాగే పిలిచేవాళ్లం. తాళంచెవి చేతిలో పెడుతూ ఆవిడ ఒకటే షరతు చెప్పింది. గోడకి మేకు కొట్టకూడదు, చిల్లు పెట్టకూడదు. అంతకుముందు అద్దెకున్నవాళ్లు ముందు గది గోడ జల్లెడ చేసి వెళ్లారట.

నా పనే ఆఫీసులకు నెట్‌వర్కు కేబుళ్లు వేయడం. ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి అహ్లోన్ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోశాడు. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. ఇంట్లో వీపు మీద బరువు మొయ్యకుండా బతికిన మొదటివాణ్ణి నేనేనని అమ్మ చెప్పుకునేది. కరోనా రాగానే ఆఫీసులన్నీ మూతపడ్డాయి. నాకు పని లేదు. నా భార్య పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పేది, అవి కంప్యూటర్లోకి మారాయి. మా తెలుగు చర్చి కూడా తలుపులు మూసి, ఆదివారం ఆరాధన వీడియోలో పెట్టడం మొదలుపెట్టింది. అమ్మ డెబ్బై ఏళ్లలో ఒక్క ఆదివారం మానని మనిషి.

బాల్కనీలోంచి ఫైబర్ లైను వచ్చింది. కానీ ఆ గోడలు పాతకాలపు ఇటుక గోడలు. ముందు గదిలో వైఫై పెడితే మధ్య గదికి సగం చేరేది, వంటింటికి అసలు చేరేది కాదు. అందుకని ప్రతి గదికీ కేబుల్ వేయాలనుకున్నాను. ఖాళీగా కూర్చోలేకపోవడం కూడా ఒక కారణం. మేకు కొట్టకూడదు కాబట్టి నేలా గోడా కలిసే అంచు వెంబడి తెల్లటి ప్లాస్టిక్ పట్టీ జిగురు టేపుతో అంటించి, కేబుళ్లన్నీ అందులో పరిచాను. మూలల్లో పట్టీని నలభై అయిదు డిగ్రీలకు కోసి అతికాను. ముందు గదిలో చెక్క బీరువా పక్కన చిన్న అర, అందులో రౌటరు, కేబుళ్లన్నీ వచ్చి చేరే స్విచ్చి పెట్టె, కరెంటు పోతే రెండు గంటలు నడిపే బ్యాటరీ. నాలుగు రోజులు పట్టింది. అమ్మ పీట వేసుకుని చూస్తూ కూర్చునేది.

“ఏట్రా ఇది, పాము పిల్లల్ని గూట్లో పెట్టినట్టు? అద్దె కొంపకి ఇంత సోకు ఎందుకురా?”

“శుభ్రంగా ఉంటే మంచిదే కదా, అమ్మా.”

“మీ నాన పట్టాల మీద రాళ్లు కూడా ఇలాగే సర్దేవోడు. నీకూ అదే పిచ్చి.”

ప్రతి కేబుల్‌కూ రెండు కొసల్లోనూ తెల్ల టేపు చుట్టి, అది ఎక్కడికి వెళ్తుందో సన్న కలంతో రాశాను. నాకు పని నేర్పిన బర్మా పెద్దాయన అలవాటు చేయించాడు. నీ తర్వాత వచ్చేవాడు చూడగానే తెలుసుకోవాలి అనేవాడు. నా బర్మా అక్షరాలు గుండ్రంగా, ముద్రించినట్టు ఉంటాయి. చిన్నప్పుడు బళ్లో దానికే మెచ్చుకునేవాళ్లు. ఆ టేపుల మీద కూడా అలాగే రాశాను. ముందు గది, టీవీ, బల్ల, వెనక గది.

ఆ ఆదివారం అమ్మ ఉతికిన చీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంది. పాట ఎక్కడా ఆగకుండా చివరిదాకా వచ్చింది. మధ్యాహ్నం అమ్మ నాకు చేప తల వేసింది.

మా అంతస్తులోనే ఎదురిల్లు కూడా అడోదే, అందులో ఒక నర్సు ఒంటరిగా అద్దెకుండేది. ముప్ఫై లోపు పిల్ల. ప్రభుత్వ ఆసుపత్రిలో పని. ఊరు నదికి అవతల ట్వంటే దగ్గర కాలవ గట్టు పల్లె, అక్కడ వాళ్ల వాళ్లు కుండలు చేస్తారు. ఆ ఏడాది ఆమెను కరోనా వార్డులో వేశారు. అప్పటినుంచి మేడలో ఆమె మెట్లెక్కుతుంటే జనం తలుపులు వేసుకునేవాళ్లు. ఒకసారి ఆమెకే కరోనా వచ్చింది. మూడు వారాలు గది దాటలేదు. మా అమ్మ రోజూ ఆమె గుమ్మం ముందు స్టూలు మీద అన్నం గిన్నె పెట్టి, తలుపు కొట్టి వెనక్కి వచ్చేసేది. ఇద్దరూ తలుపుకు అటూ ఇటూ ఉండి మాట్లాడుకునేవాళ్లు. అమ్మ బర్మా సగం తెలుగే.

“ఆ పిల్లకి అమ్మని సూడాలనుందంటరా,” అని అమ్మ ఒకరోజు చెప్పింది. “పోన్లో బొమ్మ ఆగిపోతందట. నీ తీగలు అటూ ఒకటి లాగకూడదేటి?”

మెట్ల దగ్గర మా తలుపుకూ ఆమె తలుపుకూ మధ్య రెండు బారల దూరం. రెండు తలుపుల పైనా గాలికోసం ఇనప జాలీ ఉంది. మా జాలీలోంచి ఆమె జాలీలోకి పైకప్పు అంచున కేబుల్ లాగాను. పట్టి చూస్తేగాని కనిపించదు. లోపల ఎక్కడ తగిలించుకోవాలో నేను తలుపు ఇవతలి నుంచి చెబుతుంటే ఆమె స్టూలెక్కి చేసుకుంది. కాసేపటికి లోపలి నుంచి ఎవరో ముసలావిడ గొంతు, వెనక కోళ్ల అరుపులు వినిపించాయి. “అకో, వచ్చింది,” అంది ఆమె తలుపు అవతల నుంచి. అకో అంటే అన్నయ్య. ఏడుస్తోందని గొంతులో తెలిసింది.

ఆ కేబుల్ మీద ‘నర్సు’ అని రాశాను. తర్వాత వెనకవైపు నీళ్ల గొట్టం వెంట కిందికి మరొకటి వేశాను, అడో కూతురితో మాట్లాడుకోవడానికి. దాని మీద ‘అడో’ అని రాశాను.

ఫిబ్రవరి మొదటి రోజు పొద్దున లేచేసరికి ఫోన్లు పలకలేదు. నా భార్య పాలకని కిందికి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. సైన్యం ప్రభుత్వాన్ని చేతిలోకి తీసుకుందట, జనం బియ్యం కోసం ఎగబడుతున్నారట. నేను మొదట చేసిన పని అర తలుపు తీసి రౌటరు చూడటం. లైను చచ్చింది. ఇరవై ఏళ్లలో చేతకాక కాదుగానీ, చేసేదేమీ లేక కేబుళ్ల ముందు కూర్చున్నది ఆ రోజే.

తర్వాత నెట్ వచ్చేది, పోయేది. మార్చిలో ఫోన్లలో నెట్ తీసేశారు. ఏప్రిల్లో గాలిలో వచ్చేవన్నీ ఆపేశారు. తీగ మీద వచ్చే ఫైబరు మాత్రం పగటిపూట మిగిలింది. మేడ మొత్తం మీద అది ఉన్నది మా ఇంట్లోనే. జనం రావడం మొదలైంది. అయిదో అంతస్తు ముసలాయన మనవడి ముఖం చూడటానికి, నాలుగో అంతస్తు దంపతులు కొడుకు మాండలేలో బతికే ఉన్నాడని తెలుసుకోవడానికి. చెప్పులు గుమ్మం బయట వరసగా ఉంటే చూసేవాళ్లకు అనుమానం వస్తుందని నా భార్య వాటిని లోపలికి తెచ్చి పాత పేపరు మీద పెట్టేది.

నర్సు ఫిబ్రవరి మొదటి వారంలోనే సమ్మెలోకి వెళ్లింది. సైన్యం కింద పని చెయ్యబోమని ఆసుపత్రుల్లో చాలామంది బయటికి వచ్చేశారు. యూనిఫాం ఉతికి ఇస్త్రీ చేసి అట్టపెట్టెలో పెట్టానని అమ్మతో చెప్పిందట. సైన్యం వద్దని సాగే ఊరేగింపుల్లో దెబ్బలు తిన్నవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడే పట్టుకునేవాళ్లు. అందుకని ఇళ్లలోనే ఎవరో ఒకరు కట్టు కట్టేవాళ్లు, ఎలా కట్టాలో ఆమె వీడియోలో చెప్పేది. మెట్లు ఎక్కుతూ ఆమె గొంతు చాలాసార్లు విన్నాను. “గుడ్డ గట్టిగా నొక్కు. చెయ్యి తియ్యకు. వందదాకా లెక్కపెట్టు. ఇప్పుడు నాకు చూపించు.” గొంతు ఎప్పుడూ పైకి లేచేది కాదు.

ఏప్రిల్లో సమ్మె చేసిన డాక్టర్ల, నర్సుల పేర్లు పట్టుకోవాల్సినవాళ్లంటూ సాయంత్రం వార్తల్లో ఫొటోలతో చదవడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం ఆమె ఫొటో వచ్చింది. ఉద్యోగంలో చేరినప్పటిది కాబోలు, రెండు జడలు. అమ్మ టీవీ ముందు కూర్చుని, “ఇదేటి, మన పిల్లే గదరా,” అంది.

ట్వంటే వెళ్లిపోదామంటే రేవు దగ్గర సైనికులు ఒక్కొక్కరి కార్డు చూస్తున్నారు. దారి చూపింది అడో. నర్సు ఇల్లు ఖాళీ చేసి ఊరెళ్లిపోయిందని పేటలో ఉండేవాళ్ల లెక్క రాసుకునే వార్డు ఆఫీసులో చెప్పి వచ్చింది. ఆమెను లోపలే ఉంచి బయట తాళం వేసి, తాళంచెవి తన బొడ్లో దోపుకుంది. వెనకవైపు మా వంటింటి కిటికీకీ ఆమె వంటింటి కిటికీకీ మధ్య ఒక సన్నటి బావిలాంటి ఖాళీ ఉంది. అమ్మ వెదురు కర్రకు సంచి తగిలించి అన్నం అందించేది. ఆమె లోపల చెప్పులు లేకుండా నడిచేది. దీపం వేసేది కాదు. కేబుల్ మాత్రం ఉంచమంది. “అకో, ఇది తీసేస్తే నేను ఉన్నా లేనట్టే,” అంది కిటికీలోంచి.

నేను ఉంచాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. తప్పు వేరే ఉంది.

చుట్టుపక్కల వీధుల్లో ఇళ్లు సోదా చేస్తున్నారని తెలియగానే నా భార్య నాతో అంది. “ఆ టేపులు తీసెయ్యండి. ఏది ఎవరిదో రాసి పెట్టుకోవాలా మనం?”

“తీస్తాను.”

రెండు రోజుల తర్వాత అర తలుపు తీసి చూసింది. “ఏటండీ, ఇంకా తియ్యలేదా?”

“తీసేస్తే రేపు ఏదన్నా పాడైతే నాకే తెలీదు. ఆదివారం కూర్చుని గుర్తులు మార్చి రాస్తాలే.”

అబద్ధం కాదు, నిజమూ కాదు. ఉన్నవి ఆరే కేబుళ్లు, కళ్లు మూసుకున్నా ఏది ఎక్కడికో చెప్పగలను. ఆ టేపులు పీకితే అర వికారంగా కనిపిస్తుందనిపించింది. ఆ ఏడాదిలో నేను చేసిన పని అంతా అదే. ప్రాణాల మీదికి వచ్చిన రోజుల్లో నేను అందం చూసుకున్నాను. అంతకన్నా చెప్పుకోవడానికి కారణం లేదు.

వాళ్లు శుక్రవారం మధ్యాహ్నం వచ్చారు. భోజనాల వేళ. ఆరుగురు సైనికులు, మామూలు బట్టల్లో ఒక పోలీసు, వార్డు ఆఫీసు గుమస్తా. కింది అంతస్తు నుంచి ఒక్కో ఇల్లు చూసుకుంటూ ఎక్కారు. బూట్ల చప్పుడు వినగానే అర దగ్గరికి వెళ్లాను. నర్సుకు ముందే చెప్పి పెట్టాను, ఏదన్నా జరిగితే గోడ మీద మూడుసార్లు కొడతానని. గోడ కొట్టనా, కేబుల్ పీకనా, టేపు పీకనా అని ఆలోచిస్తుండగానే తలుపు బాదారు.

కుటుంబ జాబితా అడిగారు. ముగ్గురం ఉన్నాం, ముగ్గురి పేర్లూ ఉన్నాయి. ఫోన్లు తీసుకున్నారు. నా భార్య అంతకు వారం ముందే అన్నీ చెరిపేసింది, వాటిలో పాఠాలు, చర్చి పాటలు తప్ప ఏమీ లేవు. సైనికులు పరుపులు ఎత్తి చూశారు. వెళ్లిపోతారనుకున్నాను. ఆ మామూలు బట్టల మనిషి ముందు గదిలో నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి, కళ్లద్దాలు. పట్టీ వెంబడి చూపు పోనిచ్చి, మూల దగ్గర వంగి, కోసి అతికిన చోట వేలితో తడిమాడు.

“ఇది ఎవరు వేశారు?”

“నేనే.”

“నీ పని ఇదేనా?”

“అవునండీ.”

“శుభ్రంగా చేశావు,” అన్నాడు. వెటకారం లేదు. అతనికి ఆ పని తెలుసు.

అర తలుపు తీశాడు. ఒక్కో కేబుల్ కింద వేలు పెట్టి, దాని మీద రాసింది పైకి చదివాడు. ముందు గది. టీవీ. బల్ల. వెనక గది. అడో. అక్కడ గుమస్తా వైపు చూస్తే, కింద ఉండే ఇంటావిడ అని గుమస్తా చెప్పాడు. తర్వాత ఆరోది చదివాడు.

“నర్సు. ఎవరు ఈ నర్సు?”

“ఎదురింట్లో ఉండేదండీ. ఖాళీ చేసి వెళ్లిపోయింది. కేబుల్ తియ్యడం మర్చిపోయాను.”

“అవును, వెళ్లిపోయింది. ఆ ఇంటికి తాళం వేసి ఉంది,” అన్నాడు గుమస్తా.

స్విచ్చి పెట్టె మీద ఒక్కో కేబుల్ దగ్గరా ఒక్కో పచ్చ దీపం ఉంటుంది. అవతల ఎవరైనా వాడుతుంటే అది మిణుకుమిణుకుమంటుంది. ఆరోది ఆగకుండా కొట్టుకుంటోంది. ఆ క్షణంలో ఆమె ఎవరికో కట్టు ఎలా కట్టాలో చెబుతోందని తర్వాత తెలిసింది. అతను ఆ దీపం పక్కన వేలు పెట్టి నా ముఖంలోకి చూశాడు.

“ఖాళీ ఇంట్లో ఎవరు వాడుతున్నారు?”

నా జవాబు కోసం ఆగకుండా సైనికులను ఎదురింటి తలుపు వైపు పంపాడు.

తుపాకి మడమతో రెండు దెబ్బలకు గొళ్ళెం ఊడింది. ఆమె ముందు గదిలో నిలబడి ఉంది. ఇంట్లో కట్టుకునే పాత లుంగీ, చెంపల మీద తనకా, బర్మా ఆడవాళ్లు పూసుకునే చెట్టు గంధం. పరిగెత్తలేదు, అరవలేదు. చెప్పులు వేసుకుంటానని అడిగి వేసుకుంది. మా గుమ్మంలో నా భార్య అమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. అమ్మ ఆ చెయ్యి విదిలించుకుని సైనికుడి ముందుకు వెళ్లి తెలుగులో అంది, “నాయనా, ఆ పిల్ల ఇంకా బువ్వ తిన్లేదు. కాసేపు ఆగండి, సంచి ఇందాకే కట్టాను.” అతనికి ఒక్క ముక్కా తెలీదు. మోచేత్తో పక్కకు నెట్టాడు. అమ్మ గోడకు తగిలి నిలబడిపోయింది.

కళ్లద్దాల మనిషి తిరిగి మా ఇంట్లోకి వచ్చి, కేబుల్ మీదున్న టేపు చుట్టు విప్పి, నలగకుండా తన పుస్తకంలో అతికించుకున్నాడు. స్విచ్చి పెట్టె, రౌటరు సంచిలో వేయించాడు. మిగతా కేబుళ్లను ఒక సైనికుడు కత్తితో మధ్యకు కోశాడు. తర్వాత నన్నూ కిందికి నడవమన్నారు.

ఠాణాలో మూడు రోజులు ఉంచారు. అక్కడ జరిగిందంతా రాయాలని లేదు. అరచేతుల మీద కొట్టారు. ఎవరెవరు మా ఇంటికి వచ్చారో చెప్పమన్నారు. ముసలాయన సంగతి చెప్పాను, నాలుగో అంతస్తు వాళ్ల సంగతి చెప్పాను. తాళం వేసింది అడో అని మాత్రం చెప్పలేదు. అది ధైర్యం కాదు, వాళ్లు అడగలేదు. ఆవిడ తనంతట తాను వార్డు ఆఫీసుకు వెళ్లి, తనకు తెలీకుండా ఆ పిల్ల లోపలికి దూరి ఎవరిచేతనో బయట తాళం వేయించుకుందని ఏడ్చి చెప్పిందట. ఆ ఏడుపు నమ్మారో, మరెవరైనా సర్దిచెప్పారో, ఆవిణ్ణి వదిలేశారు. నాలుగో రోజు నన్ను కూడా పంపేశారు.

ఇంటికి వచ్చాక నా భార్య చేతులకు మందు రాసింది. అన్నం కలిపి నోట్లో పెట్టింది. టేపుల మాట ఎత్తలేదు. నేటికీ ఎత్తలేదు. వేళ్లు వంగడం మొదలైన రోజున నేల మీద కూర్చుని పట్టీలన్నీ ఊడబీకాను. జిగురు మచ్చలు మిగిలాయి. కిరసనాయిలు పెట్టి రుద్దినా పూర్తిగా పోలేదు. అడో మెట్ల మీద ఎదురైతే తల తిప్పుకునేది. ఇల్లు ఖాళీ చెయ్యమని మాత్రం అనలేదు.

నర్సుకు మూడేళ్లు శిక్ష పడిందని వాళ్ల ఊరి నుంచి వచ్చిన ఒకతను అడోకి చెప్పాడు.

జూలైలో కరోనా మళ్లీ వచ్చింది. మొదటి ఏడాదిలా కాదు. మా వీధిలోనే ఒక్కో మేడలో ముగ్గురు నలుగురు మంచాన పడ్డారు. మందు కావాలని, తిండి కావాలని బాల్కనీలకు గుర్తుగా గుడ్డలు కట్టుకున్నారు. ఆసుపత్రుల్లో చూసేవాళ్లు లేరు, చేర్చుకునేవాళ్లు లేరు. ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని జనం ఫ్యాక్టరీల ముందు వానలో నిలబడ్డారు. అమ్మకు జ్వరం వచ్చిన మూడో రోజు నేను కూడా నిలబడ్డాను. ఇళ్లకు ఇవ్వద్దని హుకుం వచ్చిందని మమ్మల్ని చెదరగొట్టారు. ఖాళీ సిలిండరు భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కాను.

అమ్మ పక్క మీద ఆయాసపడుతోంది. నా భార్య వేలికి తగిలించే పరికరం ఎవరినో అడిగి తెచ్చింది. అందులో అంకె కనిపించేది. అది ఎంత ఉండాలో, ఎంతకు తగ్గితే ఏం చెయ్యాలో మాకు తెలీదు. ఫోన్లో నెట్ ఒక నిమిషం వస్తే అయిదు నిమిషాలు పోయేది. అవన్నీ తెలిసిన మనిషి ఒకప్పుడు రెండు బారల దూరంలో ఉండేది. ఆ తలుపు మీద ఇప్పుడు వార్డు ఆఫీసు సీలు ఉంది.

“ఆ పిల్లుంటే సెప్పేది గదరా,” అంది అమ్మ, ఆగి ఆగి.

“మాట్లాడకమ్మా. ఆయాసం ఎక్కువవుతుంది.”

“దానికి అక్కడ బువ్వ పెడతన్నారో లేదో.”

ఆరో రోజు పొద్దున అమ్మ పోయింది. శవాన్ని దించడానికి వచ్చిన స్వచ్ఛంద సేవకులు తల నుంచి కాలి దాకా ప్లాస్టిక్ తొడుక్కుని ఉన్నారు. ఆ పొద్దున వాళ్లకది అయిదో శవమట. మా ఇద్దరికీ జ్వరం ఉంది, శ్మశానానికి రావద్దన్నారు. పాస్టరు గారు ఫోన్లో ప్రార్థన చేశారు. నేను స్పీకరు పెట్టి ఫోను అమ్మ తల దగ్గర ఉంచాను. మధ్యలో రెండుసార్లు తెగిపోయింది. రెండుసార్లూ ఆయనే మళ్లీ చేసి, ఆగిన మాట దగ్గర నుంచే అందుకున్నారు.

మరుసటి ఏడాది ఖైదీలను కొందరిని విడిచిపెట్టారు. ఒక మధ్యాహ్నం తలుపు కొడితే నా భార్య తీసింది. గుమ్మం బయట నర్సు. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. సగం మనిషి అయింది. సామాన్లు తీసుకుపోవడానికి వచ్చానంది. సీలు వేసేముందు ఆమె బట్టలు, కుక్కరు, ఫొటోలు అడో రెండు గోనెసంచుల్లో కట్టి తన మంచం కింద దాచిందని అప్పుడే మాకు తెలిసింది.

లోపలికి వచ్చి కూర్చుంది. నా భార్య టీ పెట్టడానికి వెళ్లింది.

“నిన్ను పట్టించింది నేను రాసిన టేపు,” అన్నాను.

“తెలుసు, అకో. నా కేసు కాగితాల్లో అతికించారు. అడిగిన ప్రతిసారీ అది తీసి ముందు పెట్టేవాళ్లు. మీ అక్షరాలు నాకు తెలుసు.”

“తీసెయ్యమని నా భార్య రెండుసార్లు చెప్పింది. తియ్యలేదు.”

“ఎందుకు?”

“బాగుందని.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నా భార్య వింటోందని తెలిసింది.

“అక్కడ మొదట్లో మీ మీద చాలా కోపంగా ఉండేది,” అంది ఆమె. “తర్వాత వేరే సంగతులు వచ్చాయి. ఇప్పుడు ఉందో లేదో నాకు తెలీదు. లేదని చెప్పమంటే చెప్పలేను.”

“చెప్పమనడం లేదు.”

“అమ్మ ఏరీ?”

చెప్పాను. ఆమె ముఖం మారింది. నర్సు ముఖం అయిపోయింది. ఏ రోజు జ్వరం మొదలైంది, అంకె ఎంత చూపించింది, ఏ మందు ఇచ్చారు, నీళ్లు తాగిందా, ఎలా పడుకోబెట్టారు అని వరసగా అడిగింది. బళ్లో పాఠం అప్పజెప్పినట్టు అన్నీ చెప్పాను.

“వెల్లకిలానా?”

“అవును.”

“మూడో రోజునే బోర్లా పడుకోబెట్టాల్సింది. గంటకోసారి పక్కకు తిప్పాలి. దానికి సిలిండరు అక్కర్లేదు.”

“బతికేదా?”

“చెప్పలేను. కొంతమంది బతికారు.” చేతులు ఒళ్లో పెట్టుకుని వాటికేసి చూసుకుంది. “నేను ఉంటే చేసేదాన్ని. అంతే చెప్పగలను.”

నా భార్య టీ తెచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. అప్పుడు ముగ్గురం ఏడ్చాం. నేను అమ్మ పోయిన రోజు కూడా ఏడవలేదు.

గోనెసంచులు నేను మోసుకుంటానంటే వద్దనలేదు. బస్సులో రేవు దాకా వెళ్లాం. దారిలో ఆమె కిటికీలోంచి చూస్తూ, ఈ కొట్టు మూసేశారా, ఇక్కడ చేపల పులుసు సేమ్యా, మోహింగా, అమ్మే ఆవిడ ఏమైంది అని అడిగింది. నాకు తెలిసినవి చెప్పాను. నది దాటించే దలా లాంచీ దగ్గర సైనికులు సంచులు విప్పించారు. ఇస్త్రీ చేసిన యూనిఫాం బయటికి వచ్చింది. ఒక కుర్ర సైనికుడు దాన్ని ఎత్తి చూసి, ఇంకొకరికి చూపించి, మళ్లీ సంచిలో కుక్కాడు. ఆమె విడుదల కాగితం పట్టుకుని నేల చూస్తూ నిలబడింది. అరగంట తర్వాత వెళ్లమన్నారు.

“ఇక్కణ్ణుంచి నేను మోసుకుంటాను, అకో. అవతల తమ్ముడు ఉంటాడు.”

“అక్కడికి చేరాక ఎవరిచేతనైనా కబురు పెట్టు.”

రెండు సంచులూ చెరో భుజానికి వేసుకుని చెక్క వంతెన మీద జనంలో కలిసింది. లాంచీ కదిలేదాకా ఉన్నాను. పై అంతస్తులో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని చూశాను. కనిపించలేదు.

ఇంటికి వస్తే నా భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. “వెళ్లిందా?” అంది. వెళ్లిందన్నాను. కబురు ఇప్పటిదాకా రాలేదు. ఆ పల్లె ఎక్కడుందో, కుండలు చేసే ఇల్లు ఏదో అడిగితే తెలుస్తుంది. నేను అడగలేదు. నా భార్య ఆదివారం చర్చిలో అమ్మ పేరు తర్వాత ఆమె కోసం కూడా ప్రార్థన చేయిస్తుంది. పేరు చెప్పదు, ఎదురింటి అమ్మాయి అని చెబుతుంది.